స్టీల్ గిటార్‌లో డోబ్రో నాదం ఒక్క పెట్టెతో రాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో స్టీల్ గిటార్ మీద వ్యాసం వేసినందుకు సంతోషం. గిటార్‌ని పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ వాయించే ఈ వాద్యానికి తెలుగు పత్రికల్లో పేజీ దక్కడమే అరుదు. అయితే అందులో ‘ఒక్క ఎఫెక్ట్ పెడల్ కొంటే చాలు, ఎలక్ట్రిక్ స్టీల్ డోబ్రోలా మోగుతుంది’ అన్న వాక్యం ఉంది. (ఎఫెక్ట్ పెడల్ అంటే నాదాన్ని మార్చే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, డోబ్రో అంటే తీగల కింద లోహపు కోన్ ఉన్న అకౌస్టిక్ గిటార్.) దాన్ని నమ్మి కొత్తవాళ్లు వేలకు వేలు పోసి పెడల్ కొంటారు, తీరా బిగించాక రేకు డబ్బా చప్పుడు వస్తోందని మూల పడేస్తారు. అందుకని ఆ పని నిజంగా ఎలా జరుగుతుందో కాస్త వివరంగా రాయాల్సి వస్తోంది.

ముందు ఒక చిన్న దిద్దుబాటు. ఫొటో కింద డోబ్రో అని వేసిన వాద్యం డోబ్రో కాదు, నేషనల్ ట్రైకోన్. అందులో 6 అంగుళాల అల్యూమినియం కోన్లు (నాదాన్ని పెంచే పలచటి రేకు గరాటులు) మూడుంటాయి, వాటి మీద టి ఆకారంలో బ్రిడ్జి (తీగలు ఆనే భాగం) కూర్చుంటుంది. డోబ్రోలో కోన్ ఒక్కటే, వెడల్పు సుమారు 10.5 అంగుళాలు. అది గిన్నెలా నోరు పైకి పెట్టుకుని ఉంటుంది. దాని అంచు మీద ఎనిమిది కాళ్ల అల్యూమినియం ‘స్పైడర్’ నిలబడి తీగల కదలికను కోన్‌కి అందిస్తుంది. రెండు వాద్యాల వెనకా ఉన్నది జాన్ డోపియేరానే. 1927లో లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ బీచంతో కలిసి నేషనల్ కంపెనీ పెట్టి, మరుసటి ఏడాది విడిపోయి సోదరులతో డోబ్రో మొదలుపెట్టాడు. గమ్మత్తు ఏమిటంటే, గిటార్‌కి కోన్ బిగించి గొంతు పెంచిన ఆ ముఠాలోని బీచమే 1930ల మొదట్లో అయస్కాంత పికప్‌తో (తీగ కదలికని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) ‘ఫ్రైయింగ్ ప్యాన్’ అనే ఎలక్ట్రిక్ స్టీల్ తెచ్చి, కోన్ అవసరమే లేకుండా చేశాడు. ఇప్పుడు అదే ఎలక్ట్రిక్ స్టీల్‌తో కోన్ నాదాన్ని తిరిగి పుట్టించాలని చూస్తున్నాం.

డోబ్రోకీ ఎలక్ట్రిక్ స్టీల్‌కీ అసలు తేడా ఎక్కడుందో తెలియకుండా ఎఫెక్ట్ పెట్టెలు కొనడం దండగ. డోబ్రోలో తీగ శక్తిని కోన్ గబగబా లాగేసుకుని గాలిలోకి వదిలేస్తుంది. అందుకే మీటగానే స్వరం పెద్దగా పలికి, వెంటనే తగ్గుతుంది. బరువైన ఎలక్ట్రిక్ స్టీల్‌లో చట్రం తీగ నుంచి దాదాపు ఏమీ తీసుకోదు, స్వరం చాలాసేపు నిలుస్తుంది. రెండోది, డోబ్రో నాదం కొన్ని వందల హెర్ట్జ్ నుంచి నాలుగైదు వేల దాకా ఎత్తుపల్లాలతో ఉంటుంది. వాద్యం బోలు పెట్టె ఒక చోట పలుకుతుంది, కోన్ ఇంకో చోట పలుకుతుంది. అయస్కాంత పికప్‌కి ఆ ఎత్తుపల్లాలేవీ వినపడవు, తన కింద ఉన్న కాస్త తీగ ఎలా ఊగుతోందో అంతే దానికి తెలుసు. మూడోది, బార్ తీగకి తగిలే టిక్కు, గోళ్ల గీత. ఇవి డోబ్రోలో నాదంలో భాగం. పెడల్ స్టీల్ (కాలి పెడళ్లతో, మోకాలి లివర్లతో తీగల శ్రుతి మార్చే ఎలక్ట్రిక్ స్టీల్) వాయించేవాళ్లు మాత్రం వాటిని వినపడనీయకుండా చేయడమే విద్య అనుకుంటారు.

టోన్ మార్చే పెడల్ వీటిలో రెండోదాన్ని మాత్రమే ముట్టుకుంటుంది. మొదటిదీ మూడోదీ దాని చేతిలో లేవు.

అందుకని పెట్టెల జోలికి వెళ్లేముందు చేతిని సరిచూసుకోవాలి. పెడల్ స్టీల్‌లో అందరికీ అలవాటైన పని వాల్యూమ్ పెడల్‌ని మీటేటప్పుడు సగం తెరిచి, స్వరం తగ్గేకొద్దీ తొక్కుతూ నిలకడ పెంచడం. డోబ్రో అనుకరణని బయటపెట్టేది మొట్టమొదట ఇదే. దాన్ని ఒక చోట పెట్టి కాలు తీసేయండి. కాలి పెడళ్లు, మోకాలి లివర్లు కూడా వదిలేయండి. ఒక స్వరం నిలిచి ఉండగా పక్క స్వరం జారడం డోబ్రోలో మామూలుగా అయ్యేది కాదు, వినేవాడి చెవికి అది వెంటనే తెలిసిపోతుంది.

డోబ్రో మామూలు శ్రుతి మంద్రం నుంచి తారం దాకా జి, బి, డి, జి, బి, డి. ఇ9 అనే శ్రుతిలో ఉన్న పది తీగల పెడల్ స్టీల్ మీద 3వ ఫ్రెట్‌లో బార్ పెట్టి 10, 8, 6, 5 తీగలు మీటితే డోబ్రో పై నాలుగు తీగల స్వరాలు (డి, జి, బి, డి) అదే స్థాయిలో వస్తాయి. చాలామంది అలవాటుగా 3, 4, 5 తీగల మీదికి వెళతారు. అక్కడ నాదం డోబ్రో ఓపెన్ తీగల (బార్ ఆనని తీగల) కంటే బాగా పైన ఉంటుంది కాబట్టి ఎంత ఫిల్టర్ చేసినా పెడల్ స్టీల్‌లాగే వినిపిస్తుంది. హ్యామర్-ఆన్, పుల్-ఆఫ్‌లకి (బార్‌ని తీగకి కొట్టి, లేదా తీగ నుంచి లాగి స్వరం పలికించడానికి) ఓపెన్ తీగ కావాలి. ఇ9లో ఓపెన్ కార్డ్ ఇ మేజర్ కనుక, అలాంటి వరసలు ఇ శ్రుతిలో వాయిస్తేనే కుదురుతాయి. గుండ్రటి బరువు బార్‌తో పుల్-ఆఫ్ గట్టిగా పలకదు, పక్కల గాడి ఉన్న డోబ్రో బార్ వాడాలి. 1955లో ఫ్లాట్ అండ్ స్క్రగ్స్ బృందంలో చేరిన జాష్ గ్రేవ్స్ బాంజో తరహా మూడు వేళ్ల రోల్‌ని (తీగల్ని వరసగా గబగబా మీటడం) డోబ్రోకి తెచ్చాడు. ఈ వాద్యం అంటే నేటి శ్రోతకి గుర్తొచ్చే పలుకు చాలావరకు అదే. నిలిపిన పొడుగు స్వరాల కంటే వరసగా మీటే పొట్టి స్వరాల్లోనే అనుకరణ నమ్మించగలదు.

ఒళ్లో పెట్టుకునే, పెడళ్లు లేని ల్యాప్ స్టీల్ ఉన్నవాళ్ల పని సులువు. నేరుగా జి శ్రుతిలో పెట్టేయొచ్చు. డోబ్రో సెట్లు సాధారణంగా 16, 18, 26, 36, 46, 56 వేల వంతుల అంగుళం మందంలో వస్తాయి. అవి సుమారు 25 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) కోసం. చాలా ల్యాప్ స్టీళ్ల స్కేల్ 22.5 అంగుళాలు, అందుకని అదే శ్రుతిలో బిగువు సుమారు 19 శాతం పడిపోతుంది, బార్ కింద తీగ కుంగి రాపిడి చప్పుడు ఎక్కువవుతుంది. పై రెండు తీగలు 17, 19 వేసుకోవడం మంచిది. ఇంకో మాట: చుట్టు తీగలు నికెల్‌వి అయి ఉండాలి. డోబ్రో సెట్లలో ఉండే ఫాస్ఫర్ బ్రాంజ్ చుట్టు అయస్కాంతానికి స్పందించదు, లోపలి ఉక్కు మాత్రమే పికప్‌కి అందుతుంది, కింది తీగలు నీరసంగా వినిపిస్తాయి. మన దగ్గర బోలు పెట్టెకి పికప్ బిగించి అమ్మే హవాయి గిటార్లకీ ఇదే వర్తిస్తుంది.

ఇక విద్యుత్తు వైపు. మొదట కావాల్సింది ఎఫెక్ట్ కాదు, బఫర్ (పికప్ మీద కేబుల్ బరువు పడకుండా కాపాడే చిన్న సర్క్యూట్). పికప్ ఇండక్టెన్స్ 6 హెన్రీలు అనుకుందాం. 6 మీటర్ల కేబుల్, మిగతా వైరింగ్ కలిసి 700 పికోఫారడ్‌లు ఉంటే, రెండూ కలిసి సుమారు 2,450 హెర్ట్జ్ దగ్గర రెజొనెన్స్ పెట్టి ఆ పైదంతా కోసేస్తాయి. బార్ టిక్కు, కోన్ మెరుపు ఉండేది సరిగ్గా అక్కడే. సిగ్నల్‌లో లేనిదాన్ని ఏ ఈక్వలైజరూ (ఒక్కో ఫ్రీక్వెన్సీ పట్టీని పెంచే, తగ్గించే పెట్టె) పైకి లేపలేదు, లేపితే హిస్ (బుస్సుమనే చప్పుడు) మాత్రమే పెరుగుతుంది. అరమీటరు కేబుల్‌తో వెంటనే బఫర్‌లోకి వెళితే కెపాసిటెన్స్ 200 పికోఫారడ్‌లకి తగ్గుతుంది, రెజొనెన్స్ 4,600 దగ్గరికి జరుగుతుంది. ఈ ఒక్క మార్పు చాలా ఖరీదైన పెట్టెల కంటే ఎక్కువ పని చేస్తుంది.

బఫర్ ఇంట్లోనే కట్టుకోవచ్చు. టీఎల్072 ఐసీలో ఒక సగం, ఇన్‌పుట్‌లో 100 నానోఫారడ్ కెపాసిటర్, 4.5 వోల్టుల బయాస్‌కి 1 మెగాఓమ్ రెసిస్టర్, అవుట్‌పుట్‌లో 10 మైక్రోఫారడ్, 9 వోల్టుల బ్యాటరీ. రెండో సగాన్ని గాలికి వదిలేయకండి, దాని ప్లస్ ఇన్‌పుట్‌ని బయాస్‌కి, మైనస్‌ని దాని అవుట్‌పుట్‌కి కలిపేయాలి, లేకపోతే ఆసిలేట్ అయి మొదటి సగంలో ఈల వినిపిస్తుంది.

దీని వెనక చిన్న నాచ్ ఫిల్టర్ (ఒక ఫ్రీక్వెన్సీ చుట్టూ మాత్రమే తగ్గించే సర్క్యూట్) పెడితే ఖర్చు లేకుండా సగం దారి వెళ్లొచ్చు. బఫర్ తర్వాత సిగ్నల్ దారిలో 10 కిలోఓమ్ రెసిస్టర్. దాని అవతలి కొస నుంచి గ్రౌండ్‌కి వరసగా 25 కిలోఓమ్ పాట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్), 1.5 హెన్రీ ఇండక్టర్, 22 నానోఫారడ్ పాలియెస్టర్ కెపాసిటర్. ఇది సుమారు 880 హెర్ట్జ్ దగ్గర గొయ్యి తవ్వుతుంది. అయస్కాంత పికప్‌కి ఉండే ఆ సన్నాయి లాంటి ‘ముక్కు’ స్వరం చాలావరకు ఇక్కడే ఉంటుంది. పాట్‌లో 10 కిలోఓమ్‌లు మిగిలితే 6 డెసిబెల్‌లు తగ్గుతుంది, 25 అంతా ఉంటే 3 దాకా. 6 కంటే లోతుకి వెళితే స్వరం బోలుగా, ఎక్కడో గొట్టంలోంచి వస్తున్నట్టు అవుతుంది. 1.5 హెన్రీ ఇండక్టర్ దుకాణంలో అడిగితే దొరక్కపోవచ్చు. చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఒక చుట్టుని ఎల్‌సీఆర్ మీటర్‌తో కొలిచి, కెపాసిటర్‌ని దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఇది హమ్‌ని పట్టేస్తుంది కాబట్టి యాంప్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టకూడదు. బఫర్ లేకుండా ఈ ఫిల్టర్‌ని నేరుగా పికప్‌కి కలిపితే పికప్ మీద బరువు పడి లెక్కలన్నీ తప్పుతాయి.

కట్టే ఓపిక లేనివాళ్లకి బాస్ జీఈ-7 లాంటి ఏడు బ్యాండ్ల ఈక్వలైజర్ చాలు. మొదలుపెట్టడానికి: 100 హెర్ట్జ్ మైనస్ 8, 200 సున్నా, 400 ప్లస్ 4, 800 మైనస్ 6, 1.6 కిలోహెర్ట్జ్ ప్లస్ 2, 3.2 ప్లస్ 6, 6.4 ప్లస్ 4. 400 దగ్గర వాద్యం పెట్టె బోలుదనం వస్తుంది, 3.2 దగ్గర లోహం. పికప్‌ని బట్టి రెండు మూడు డెసిబెల్‌లు అటూ ఇటూ జరుపుకోండి. 6.4ని ఇంకా పెంచితే హిస్ తప్ప ఏమీ రాదు. పైన చెప్పిన నాచ్ ఫిల్టర్ కూడా ఉంటే 800 బ్యాండ్‌ని సున్నాలో ఉంచాలి, రెండు సార్లు తవ్వొద్దు.

దీనితో కూడా కోన్ ‘ఆకారం’ రాదు, ఎందుకంటే ఈక్వలైజర్ బ్యాండ్లు వెడల్పు, కోన్ శిఖరాలు సన్నం. డిలే పెట్టె ఉన్నవాళ్లు ఒక చిట్కా చేస్తారు: ఒక మిల్లీసెకను డిలేని అసలు సిగ్నల్‌తో కలపడం. అప్పుడు 500, 1,500, 2,500 హెర్ట్జ్‌ల దగ్గర గోతులు పడతాయి, మధ్యలో శిఖరాలు లేస్తాయి. ఒక్క స్వరం మీద బాగుంటుంది. బార్ జరపగానే గుట్టు రట్టవుతుంది, సమాన దూరంలో ఉన్న గోతుల మీదుగా స్వరం వెళుతూ పెరిగి తరిగి ఫ్లాంజర్‌లా వినిపిస్తుంది. ఒకటికి బదులు రెండు డిలేలు, ఒకదానికొకటి గుణిజం కానివి, ఉదాహరణకి 1.1, 2.7 మిల్లీసెకన్లు, ఒక్కొక్కటి 15-20 శాతం మించకుండా కలిపితే భరించగలిగేలా ఉంటుంది. మాడ్యులేషన్ సున్నాలో ఉండాలి.

ఇంపల్స్ రెస్పాన్స్ పద్ధతి (ఒక వాద్యం నాదం ఆకారాన్ని ఫైలుగా దాచి సిగ్నల్‌కి అద్దడం) వీటన్నిటి కంటే మేలు, కానీ వ్యాసంలో చెప్పినట్టు ఫైలు దించుకుని వేస్తే సరిపోదు. దొరికే డోబ్రో ఫైళ్లలో చాలావరకు స్పైడర్ బ్రిడ్జిలో పీజో పికప్ (అయస్కాంతం లేకుండా, ఒత్తిడిని సిగ్నల్‌గా మార్చేది) ఉన్న అసలు డోబ్రో కోసం చేసినవి. పీజో గీరుని తీసేసి మైక్ ముందు వినిపించే నాదాన్ని తిరిగి ఇవ్వడం వాటి పని. జెర్రీ డగ్లస్ పేరుతో ఫిష్‌మన్ తెచ్చిన ఆరా పెడల్ ఉద్దేశం కూడా ఇదే: వేదిక మీద డోబ్రోని డోబ్రోలా వినిపించడం, స్టీల్‌ని డోబ్రోగా మార్చడం కాదు. అయస్కాంత పికప్ సిగ్నల్‌ని అందులో పోస్తే, లేని జబ్బుకి మందు వేసినట్టే. అకౌస్టిక్ సిమ్యులేటర్లదీ అదే తంతు. బాస్ ఏసీ-3లో స్టాండర్డ్, జంబో, ఎన్‌హాన్స్, పీజో అని నాలుగు మోడ్‌లున్నాయి, నాలుగూ చెక్క గిటార్ కోసమే.

తమ పికప్‌కి తగిన ఫైలు తామే చేసుకోవడం కష్టం కాదు. ఎవరిదైనా మంచి డోబ్రోని మైక్‌తో, కోన్‌కి ఒకటిన్నర అడుగు దూరంలో, ఒక నిమిషం రికార్డు చేయాలి. అన్ని తీగలూ మీటుతూ బార్‌ని ఆగకుండా పైకీ కిందికీ జారుస్తూ ఉండాలి. జారుడు కావాలనే చెబుతున్నాం: విడి స్వరాలు వాయిస్తే ఆ స్వరాలే ఫైల్లో అచ్చుపడతాయి, జారుడు మధ్యలోని ఫ్రీక్వెన్సీలన్నిటినీ తాకుతుంది. అదే శ్రుతిలో, అదే వరసలో స్టీల్‌ని నేరుగా మరో నిమిషం రికార్డు చేయాలి. మ్యాచ్ ఈక్యూ ఉన్న ఏ సాఫ్ట్‌వేర్ అయినా రెండింటి తేడా తీసి ఇస్తుంది. తేడాని ఆరో వంతు ఆక్టేవ్‌కి నునుపు చేయాలి, ప్లస్ మైనస్ 12 డెసిబెల్‌లకి మించనివ్వకూడదు, 80 హెర్ట్జ్ కింద, 8 కిలోహెర్ట్జ్ పైన కోసేయాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 2,048 శాంపిళ్లంటే దాదాపు 43 మిల్లీసెకన్లు, అది చాలు.

ఇంత చేసినా ఒక లోటు మిగులుతుంది. పికప్ బ్రిడ్జికి 2 సెం.మీ. దూరంలో, స్కేల్ 61 సెం.మీ. ఉందనుకుంటే, ప్రతి తీగకీ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర పికప్‌కి ఏమీ వినపడదు. ఇ9లో 4వ తీగకి అది సుమారు 10 కిలోహెర్ట్జ్, 8వ తీగకి 5, 10వ తీగకి 3.8 దగ్గర. బార్ ఎక్కడున్నా ఈ అంకె మారదు, తీగ తీగకీ మాత్రం మారుతుంది. అందుకే ఒకే ఫైలు అన్ని తీగల మీదా సమంగా పనిచేయదు. కింది తీగలు కాస్త మూగగా అనిపిస్తే ఫైలుని తిట్టుకోవద్దు.

బార్ టిక్కు కోసం ల్యాప్ స్టీల్‌లో బ్రిడ్జి పక్కన ఒక పీజో డిస్క్ అంటించవచ్చు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి చోట్ల దొరికే 27 మి.మీ. బజర్ డిస్క్ సరిపోతుంది. అయస్కాంత పికప్‌తో మూడో వంతు కలిపితే బార్, గోళ్లు బతికొస్తాయి. డిస్క్ కెపాసిటెన్స్ 20 నానోఫారడ్‌ల ప్రాంతంలో ఉంటుంది. దాన్ని మిక్సర్ 10 కిలోఓమ్ లైన్ ఇన్‌పుట్‌లో నేరుగా పెడితే 800 హెర్ట్జ్ కిందంతా పోతుంది, 1 మెగాఓమ్ బఫర్ ద్వారా పంపితే పోదు. పెడల్ స్టీల్‌కి ఇది పనికిరాదు, కింద రాడ్లు, స్ప్రింగుల చప్పుడంతా వేదిక మీదికి వస్తుంది.

మిగిలింది నిలకడ తగ్గించడం. ల్యాప్ స్టీల్‌లో బ్రిడ్జిని ఆనుకుని తీగల కింద పలచటి స్పాంజి పట్టీ దూరిస్తే చవకగా అయిపోతుంది. పెడల్ స్టీల్‌లో వద్దు, తీగ శ్రుతికి తిరిగి రావడం తేడా పడుతుంది. అక్కడ ఎక్స్‌పాండర్ (తగ్గుతున్న స్వరాన్ని ఇంకా తగ్గించే పెట్టె) వాడాలి: నిష్పత్తి 1.5 నుంచి 2, అటాక్ 1 మిల్లీసెకను, రిలీజ్ 200-400 మిల్లీసెకన్లు, థ్రెషోల్డ్ (అది పని మొదలుపెట్టే మట్టం) మామూలు మీటుకి కొంచెం కింద. నిష్పత్తి 3 దాటితే స్వరం తోక టపటప కొట్టుకుంటుంది. కంప్రెసర్ అలవాటున్నవాళ్లు దాన్ని పూర్తిగా ఆపేయాలి, అది చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. రివర్బ్ చిన్న గది, అర సెకను లోపు.

మొత్తం వరస: స్టీల్, బఫర్, వాల్యూమ్ పెడల్, ఎక్స్‌పాండర్, ఈక్వలైజర్ లేదా ఇంపల్స్ రెస్పాన్స్, రివర్బ్. ఎక్స్‌పాండర్ ముందుండాలి, లేకపోతే ఈక్వలైజర్ పెంచిన హిస్‌ని కూడా స్వరమే అనుకుంటుంది. వాల్యూమ్ పెడల్ దానికి ముందే ఉంటుంది కనుక, పెడల్ కదిలితే థ్రెషోల్డ్ లెక్క తప్పుతుంది. కంప్యూటర్ ద్వారా వాయించేవాళ్లు సాఫ్ట్‌వేర్‌లోని ఆడియో బఫర్ (పైన చెప్పిన సర్క్యూట్ కాదు) 64 శాంపిళ్లు దాటనివ్వకండి. 256 పెడితే రానూ పోనూ పది మిల్లీసెకన్లు దాటుతుంది, రోల్ వాయించేటప్పుడు వేళ్లు తడబడతాయి.

చివరి పొరపాటు ఎక్కువగా వేదిక మీదే జరుగుతుంది. ఇంత కష్టపడి తెచ్చిన నాదాన్ని 15 అంగుళాల స్టీల్ యాంప్‌లోకి పంపుతారు. ఆ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు పలకదు, మెరుపంతా అక్కడే పోతుంది. డీఐ బాక్స్ (వాద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె) ద్వారా నేరుగా మిక్సర్‌కి ఇవ్వండి, ఎదురుగా చిన్న ఫుల్ రేంజ్ మానిటర్ పెట్టుకోండి. ప్రాసెసర్‌లో స్పీకర్ క్యాబినెట్ సిమ్యులేషన్ ఆన్‌లో ఉంటే తీసేయండి. సౌండ్ ఇంజినీర్‌కి ఆ చానల్ మీద ‘స్టీల్’ అని కాక ‘డోబ్రో’ అని రాసి ఇవ్వండి, లేకపోతే అలవాటుగా 3 కిలోహెర్ట్జ్ తగ్గించేస్తాడు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్